మూలపడ్డ రాజ్‌దూత్ 350: ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి ఖర్చు పెట్టాలి

రాజాం నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. చీపురుపల్లి దగ్గర పల్లెలో మేనమామ గారి ఇంట్లో, పశువుల శాల పక్క గదిలో, 1986 నాటి రాజ్‌దూత్ 350 మోటారు సైకిలు ఒకటి చాలా ఏళ్లుగా కదలకుండా ఉంది. ఇంజను బిగుసుకుపోయింది, ట్యాంకు లోపల తుప్పు పట్టింది, ఆర్‌సీ పుస్తకం ఉంది గానీ గడువు ఎప్పుడో తీరిపోయింది. విశాఖపట్నంలో ఒక షాపువారు బండిని పూర్తిగా విప్పి, కొత్త రంగు, కొత్త క్రోమ్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు పెట్టి అప్పగిస్తామని ఒకే మొత్తం చెప్పారు. ఆ షాపుకు ఇవ్వవచ్చునా, లేక దగ్గరుండి సొంతంగా చేయించుకోవాలా, ముందుముందు యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి పాత జపాన్ బండ్లు సేకరించాలంటే ఏ దారిన వెళ్లాలి అని అడిగారు.

షాపుకు ఇప్పుడే ఇవ్వవద్దు. వారు చెప్పిన పనులన్నీ కంటికి కనిపించేవే. క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) గురించి, దాని చివర్లను మూసే ఆయిల్ సీళ్ల గురించి, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) కొలత గురించి ఆ అంచనాలో ఒక్క మాట కూడా లేదని మీరే రాశారు. టూ-స్ట్రోక్ బండి ప్రాణమంతా ఆ క్రాంకు తిరిగే గదిలో, అంటే క్రాంక్ కేసులో ఉంటుంది. దాన్ని తెరవకుండా ట్యాంకుకు రంగు వేసే పని ఎంత అందంగా ఉన్నా, మొదటి వంద కిలోమీటర్లలోనే పిస్టన్ పట్టేసి మళ్లీ మొదటికి వస్తుంది. పాత జపాన్ స్పోర్ట్స్ బండి విషయంలో వరుస ఒక్కటే: ముందు కాగితాలు, తర్వాత ఇంజను అడుగు భాగం, తర్వాత బ్రేకులు, కరెంటు, అన్నిటికంటే చివర రంగు. చేతిలో ఉన్న డబ్బులో కనీసం సగం ఇంజనుకే కేటాయించుకోండి. మిగిలిన పనులు ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు.

మీ చేతికి వచ్చింది ఏ బండో ముందు తెలుసుకుంటే ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నది తేలికగా తేలుతుంది. యమహా 1973లో విడుదల చేసిన ఆర్‌డీ 350 గాలితో చల్లబడే రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ యంత్రం. 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 347 సీసీ, మిశ్రమాన్ని ఒకే దిశలో లోపలికి పంపే రీడ్ వాల్వులు, ఆరు గేర్లు. జపాన్ బండి 39 హార్స్‌పవర్ ఇచ్చేది. దాని తర్వాతి రూపమైన ఆర్‌డీ 350 బీ ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి ఫరీదాబాద్‌లో మీ రాజ్‌దూత్ 350ని తయారుచేసింది; దీన్నీ ఆర్‌డీ అనే అంటారు. మన దేశంలో మైలేజీ కోసం దాని శక్తిని తగ్గించారు: మొదట వచ్చిన హైటార్క్ బండికి 30.5 హార్స్‌పవర్, ఆ తర్వాతి లోటార్క్‌కు 27. జపాన్ బండికి ముందు ఉన్న డిస్క్ బ్రేకు స్థానంలో యమహా 650 నుంచి తీసుకున్న 7 అంగుళాల డ్రమ్ము బ్రేకును, చక్రం తిరిగే దిశలోనే ఒత్తుకునే రెండు లీడింగ్ షూలతో, అమర్చారు. మీది 1986 బండి కనుక లోటార్క్ అయ్యే అవకాశమే ఎక్కువ. అలాగైతే హైటార్క్ బ్యారెళ్ల (సిలిండర్ల) కోసం, సైలెన్సర్ల కోసం వెతికి డబ్బు పోగొట్టుకోకండి. లోటార్క్ బండి లోటార్క్‌గానే పూర్తిగా, సరిగా ఉంటే దానికి ఉండే విలువ, సగం అది సగం ఇది కలిపిన బండికి ఎప్పటికీ రాదు.

డిస్క్ బ్రేకు విషయంలో నా అభిప్రాయం గట్టిదే. ఆ డ్రమ్ము బ్రేకును చాలామంది తిడతారు, అయితే వారిలో ఎక్కువమంది చూసింది గ్రుడ్డులా అరిగిపోయిన డ్రమ్మును, నూనె తాగిన షూలను, రెండు లీవర్లను కలిపే కడ్డీ సరిచేయని బ్రేకునే. డ్రమ్మును లేత్ మీద గుండ్రంగా చేయించి, షూలకు కొత్త లైనింగు అంటించి, ఆ లైనింగును డ్రమ్ము వంపుకు సరిపడేలా రాపిడి చేయించి, రెండు షూలూ ఒకే క్షణంలో తాకేలా కడ్డీ పొడవు సరిచేస్తే ఆ బ్రేకు ఆ బండి వేగానికి చాలినంత పట్టు ఇస్తుంది. పైగా అది భారతదేశపు ఆర్‌డీకి ప్రత్యేకమైన గుర్తు; తీసేస్తే బండి తన చరిత్రలో ఒక భాగం పోగొట్టుకుంటుంది. పాత లైనింగు పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున డ్రమ్ము తెరిచినప్పుడు గాలి కొట్టి ఊదవద్దు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి.

ఇక బండిని ముట్టుకునే ముందు చేయవలసింది ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు శుభ్రం చేసి ఆర్‌సీ పుస్తకంతో అక్షరం అక్షరం సరిచూడడం. తీగ బ్రష్షుతో గీకకండి. కిరసనాయిలు తడిపిన గుడ్డతో మట్టి తీసి, కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీయండి. అంకెల ఎత్తు పల్లాలు సమానంగా ఉన్నాయా, వాటి కింద లోహం అరగదీసిన జాడ ఉందా అని వాలుగా లైటు వేసి చూడండి. తిరిగి కొట్టించిన నంబరుతో ఉన్న బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోవలసిన అవసరం లేదు, మీ మేనమామ గారిదే అయినా సరే. నంబర్లు కలిస్తే బండి ఏ స్థితిలో ఉన్నా పని మొదలుపెట్టవచ్చు.

మీ బండికి వర్తించే రిజిస్ట్రేషన్ పద్ధతి గురించి చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాలకే వర్తిస్తాయి. కొత్త నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, పదేళ్ల రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000 రుసుము, పైగా అలాంటి బండిని రోజువారీ వాడకానికి తీయకూడదు. 1986 బండికి ఆ అర్హత 2036 దాకా రాదు. కనుక ఏ ఏజెంటైనా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తానని అంటే నమ్మకండి. మీకు కావలసింది మామూలు పునరుద్ధరణ: 15 ఏళ్ల గడువు ముగిసిన సొంత వాహనానికి ఫారం 25 మీద దరఖాస్తు చేస్తే, తనిఖీ తర్వాత ఐదేళ్లకు పొడిగిస్తారు. 2025 ఆగస్టు సవరణ ప్రకారం 20 ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు ఈ పునరుద్ధరణ రుసుము రూ. 2,000, దానికి ఆలస్య రుసుము, రాష్ట్రం విధించే గ్రీన్ ట్యాక్సు కలుస్తాయి. అంతకంటే ముందు ఒక పని ఉంది. మన వైపు ఏపీ 30 (శ్రీకాకుళం), ఏపీ 35 (విజయనగరం) వరుసలు రాకముందు నాటి మూడక్షరాల నంబర్లు చాలావరకు కంప్యూటరు రికార్డులోకి ఎక్కలేదు. పుస్తకం అసలు ప్రతితో విజయనగరం రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి పాత రికార్డును బ్యాక్‌లాగ్ కింద ఎక్కించమని అడగాలి. బండి మొదట విశాఖపట్నంలో రిజిస్టరై ఉంటే అక్కడి నుంచి వివరం తెప్పించుకోవాలి. మేనమామ గారు ఉన్నారు కనుక ఫారం 29, ఫారం 30 సంతకాలతో బండి మీ పేరుకు మారుతుంది. ఈ పని ఇంజను విప్పిన రోజునే మొదలుపెట్టండి, ఎందుకంటే రెండూ ఇంచుమించు ఒకే కాలం తింటాయి.

ఇప్పుడు ఇంజను. బిగుసుకుపోయిందని తెలియగానే అందరూ చేసే పని కిక్ రాడ్డు మీద నిలబడి తొక్కడం. దానివల్ల కిక్ గేరు పళ్లు పోతాయి, పోర్టు (సిలిండరు గోడలో మిశ్రమం, పొగ వెళ్లే కిటికీ) అంచుకు తుప్పుతో అతుక్కున్న పిస్టన్ రింగు విరిగి బ్యారెల్‌ను గీస్తుంది. రెండు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో డీజిలు, ఆటోమేటిక్ గేరు ఆయిల్ సగం సగం కలిపి పోయండి. ఇంకినకొద్దీ పోస్తూ వారం రోజులు వదిలేయండి. తర్వాత ఎడమ వైపు కవరు తీసి, డైనమో రోటరు బోల్టుకు స్పానరు పెట్టి ముందుకు ఒక వెంట్రుక, వెనక్కి ఒక వెంట్రుక చొప్పున ఆడించండి. కదలకపోతే బలవంతం వద్దు. హెడ్లు విప్పి, పిస్టన్ తల మీద చెక్క ముక్క పెట్టి తేలికగా తట్టాలి. ఒకవేళ కదిలినా స్టార్టు చేసి చూద్దామనే కోరికను ఆపుకోండి. అన్నేళ్లు నిలిచిన బండిలో క్రాంకు బేరింగుల గోళీల మీద తుప్పు చుక్కలు ఉంటాయి, ఆయిల్ సీళ్ల పెదవులు ఎండి గట్టిపడి ఉంటాయి.

మన తీరంలో ఇది మరీ ఎక్కువ. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తర్వాత నీళ్లలో నిలిచిన బండ్లు నా దగ్గరకు కొన్ని వచ్చాయి. వాటిలో ఒక ఆర్‌డీ బయటికి చక్కగా ఉంది, యజమాని కడిగి పాలిష్ కూడా పెట్టించారు. క్రాంక్ కేసు రెండు సగాలుగా విడదీస్తే అడుగున టీ డికాక్షన్ రంగు బురద పేరుకుని ఉంది. ఎడమ సిలిండరు కింది బేరింగును చేత్తో తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు వచ్చింది. కనెక్టింగు రాడ్డు పెద్ద కన్ను దగ్గర ఉక్కు నీలంగా మారి, సూదిమొన పట్టేంత గుంతలు పడ్డాయి. ఆ బండి బయటి నుంచి చూసి కొన్నవారు ఎవరూ ఆ సంగతి ఊహించలేరు. మీ చీపురుపల్లి బండి వరదలో మునగకపోయినా, పశువుల శాల తేమ, ఆవిరి కూడా లోహానికి మంచివి కావు. కనుక కేసు విప్పవలసిందే.

విప్పేటప్పుడు ఒక చిన్న పనిముట్టు మీకు చాలా ఖర్చు తప్పిస్తుంది. జపాన్ బండ్ల కవర్లకు ఉన్న స్టార్ స్క్రూలు మనం మామూలుగా వాడే స్టార్ స్క్రూడ్రైవరుకు సరిపోయేవి కావు. అవి జేఐఎస్ అనే జపాన్ కొలమానానికి చేసినవి, గాడి లోతు, వంపు వేరు. మామూలు డ్రైవరు గాడిలో అడుగు దాకా దిగకుండా జారి, తలను గుండ్రం చేసేస్తుంది. పాత బండ్ల కవర్ల మీద కనిపించే ఉలి దెబ్బలన్నీ అలా వచ్చినవే. జేఐఎస్ బిట్టు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు కొని పెట్టుకోండి. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె వేసి, ఉదయం బిట్టును గట్టిగా నొక్కి ఒక దెబ్బ కొడితే నలభై ఏళ్ల స్క్రూ కూడా చెక్కు చెదరకుండా వస్తుంది. విప్పిన ప్రతి కవరుకు అట్ట మీద బొమ్మ గీసి, ఏ రంధ్రంలో స్క్రూ ఆ రంధ్రంలోనే గుచ్చి ఉంచండి, ఎందుకంటే వాటి పొడవులు వేరు వేరుగా ఉంటాయి.

ఆర్‌డీ క్రాంకు ముక్కలను ప్రెస్సులో ఒకదానిలో ఒకటి బిగించి చేసినది. రెండు సిలిండర్ల గదుల మధ్య గాలి దాటకుండా గాడులతో చేసిన లాబిరింత్ సీలు, రెండు చివర్ల రబ్బరు సీళ్లు ఉంటాయి. ఎడమ చివరి సీలు పోతే బయటి గాలి లోపలికి పోయి పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలిపోతుంది. కుడి వైపు, అంటే క్లచ్ వైపు, సీలు పోతే గేరు ఆయిల్‌ను సిలిండరు పీల్చుకుని తెల్లటి పొగ వదులుతుంది. ఆ పొగను చూసి చాలామంది పెట్రోలుతో కలిసి కాలే టూ-టీ ఆయిల్ తగ్గించేస్తారు, దాంతో రెండో నష్టం కూడా జరుగుతుంది. రాడ్లు, పిన్నులు, బేరింగులు మార్చి తిరిగి ప్రెస్ చేయించాక క్రాంకును రెండు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజీ (వంకరను ముల్లుతో చూపే కొలత సాధనం)తో సరిచూడాలి, వంకర 0.03 మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చేదాకా సరిచేయించాలి. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ బోరింగు బాగా చేసే లేతువారు ఉన్నారు గానీ, క్రాంకు పనికి మాత్రం గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లినా పర్వాలేదు, డయల్ గేజీ చూపించి కొలత చెప్పగలిగినవారికే ఇవ్వండి. సుత్తితో కొట్టి కంటితో చూసి సరిపోయిందనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకండి.

బోరింగులో, అంటే అరిగిన సిలిండరు లోపలిని కోసి పెద్దది చేసే పనిలో, పాటించవలసిన నియమం ఒకటే, అయితే దాన్ని తప్పేవారే ఎక్కువ: పిస్టన్ చేతికి వచ్చాకే బోరు వేయించాలి. అందుకు తగ్గ ఓవర్‌సైజు పిస్టన్లు 64 మిల్లీమీటర్ల నుంచి పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి, కానీ ఒక తయారీదారు 64.50 అని రాసినదానికి, మరొకరి 64.50కి తేడా ఉంటుంది. మీ చేతికి వచ్చిన రెండు పిస్టన్లనూ లేతువారికి ఇచ్చి, వాటి స్కర్టు (పిస్టన్ కింది భాగం) కొలత తీసి, తయారీదారు చెప్పిన సందు కలిపి, ఒక్కో బ్యారెల్‌ను దాని పిస్టన్‌కే సరిపోయేలా చేయించాలి. బోరింగు, హోనింగు (గోడకు చివరి మెరుగు) అయ్యాక పోర్టుల అంచులన్నింటినీ చిన్న ఆకురాయితో లోపలి వైపు కొద్దిగా వంపు తీయాలి. ఈ పని అరగంట కూడా పట్టదు. తీయకపోతే పదునైన అంచుకు రింగు తగిలి విరుగుతుంది. బిగించిన తర్వాత, కార్బురేటర్, సైలెన్సర్ దారులను రబ్బరు బిరడాలతో మూసి, గేజీ ఉన్న సైకిలు పంపుతో 6 పీఎస్‌ఐ గాలి పెట్టి ఆరు నిమిషాలు చూడాలి. ముల్లు దిగితే సబ్బు నీళ్లు రాసి ఎక్కడ బుడగలు వస్తున్నాయో కనిపెట్టాలి. ఈ పరీక్ష చేయని టూ-స్ట్రోక్ ఇంజనును నేను స్టార్టు చేయనివ్వను.

ఇంజనుకు ఆయిల్‌ను విడిగా అందించే ఆటోల్యూబ్ పంపును చాలా షాపులు తీసేసి ఆయిల్‌ను పెట్రోలులోనే కలపమంటాయి. పంపు పని చేస్తుంటే ఉంచడమే మేలు. థ్రాటిల్ (యాక్సిలరేటరు)ను బట్టి కావలసినంతే ఆయిల్ ఇచ్చే ఏర్పాటు అది. పంపు గుర్తు థ్రాటిల్ కేబులుతో సరిగా కలిసేలా అమర్చి, గొట్టాల్లో గాలి లేకుండా తీసి, మొదటి రెండు ట్యాంకులకు మాత్రం అదనంగా పెట్రోలులో కూడా కొద్దిగా ఆయిల్ కలపండి. డబ్బా మీద జపాన్ ప్రమాణమైన జేఎఎస్‌ఓ ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న టూ-టీ ఆయిల్ చాలు.

ఇప్పటి పెట్రోలు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత మెకానిక్కుల అనుభవం దీనికి సరిపోదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉన్నందున అదే జెట్టుతో (కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రం) మిశ్రమం పలచబడుతుంది, గాలితో చల్లబడే టూ-స్ట్రోక్‌కు అది ప్రమాదం. మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెద్దది వేసి, ప్లగ్గు రంగు చూస్తూ తగ్గించుకోవడం క్షేమం. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని ఫ్లోటు సూది మొన, ట్యాంకు ట్యాపు వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బిపోతాయి, అన్నీ మార్చాలి. అది తేమను కూడా పీల్చుకుంటుంది, మన వానాకాలంలో నెల రోజులు నిలిచిన ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. బండి తీయని రోజుల్లో ట్యాపు మూసి, ఫ్లోటు గిన్నె ఖాళీ చేసి ఉంచండి. ట్యాంకు లోపలి తుప్పుకు నిమ్మ ఉప్పు ద్రావణం ఒకటి రెండు రోజులు నింపి ఉంచి, తినే సోడా నీళ్లతో కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, పెట్రోలు, టూ-టీ ఆయిల్ కలిపి తిప్పితే చాలు. గొలుసులు, కంకర వేసి ఊపితే పాత అతుకులు తెరుచుకుంటాయి.

కరెంటు పనిలో రెండు సంగతులు. ఈ బండికి బ్యాటరీ చచ్చిపోతే నిప్పురవ్వ రాదు, కనుక మంచి బ్యాటరీ పెట్టనిదే స్టార్టు కోసం వెతకవద్దు. నిప్పురవ్వ పడే సమయాన్ని నిర్ణయించే రెండు జతల కాంటాక్టు పాయింట్లు ఒకే సమయానికి కాక, 180 డిగ్రీల తేడాతో తెరుచుకోవాలి. ఒక సిలిండరుకు టైమింగు సరిచేసి రెండోది వదిలేస్తే ఆ రెండోదే పట్టేస్తుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడానికి నేను అడ్డు చెప్పను, ఎందుకంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి మార్చుకోవచ్చు. అయితే తీసిన పాయింట్ల ప్లేటును, పాత రెగ్యులేటరును పేరు రాసిన డబ్బాలో దాచండి. తీసిన ఏ భాగాన్నీ పాత ఇనుము వారికి ఇవ్వవద్దు. మీటర్లు, స్విచ్చులు, ఇండికేటర్లు, సైడు ప్యానెళ్లు, ముద్ర ఉన్న బోల్టులు ఇప్పుడు దొరికేవి కావు. వాటి నకళ్లే దొరుకుతాయి.

రంగు వేయించాలా అని అడిగితే, ట్యాంకు మీద అసలు రంగు ముప్పావు వంతు మిగిలి ఉన్నా వేయించవద్దనే నా సలహా. ఫ్యాక్టరీ రంగు ఒక్కసారే ఉంటుంది. సబ్బు నీళ్లు, మెత్తటి కటింగు పాలిష్, ఓపిక ఉంటే మట్టి కింద నుంచి చాలా వస్తుంది. చక్రాల రిమ్ములకు, సైలెన్సర్లకు క్రోమ్ పోయి ఉంటే మాత్రం, సముద్రపు గాలి తగిలే మన వైపు బాగా మందంగా రాగి, నికెల్ పూతల మీద వేయించండి. పలచటి క్రోమ్ కళింగపట్నం, భోగాపురం వైపు రెండు వానాకాలాలు ఆగదు. బండిని ప్లాస్టిక్ కవరుతో కప్పవద్దు, లోపల చెమట పడుతుంది. పాత నూలు దుప్పటి చాలు.

ఇంజను బిగించాక మొదటి ఐదు వందల కిలోమీటర్లు కొత్త భాగాలు ఒకదానికొకటి కుదురుకునే కాలం. నాతవలస నుంచి విజయనగరం మీదుగా గజపతినగరం వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి అందుకు బాగుంటుంది: వేగం పెంచుతూ తగ్గిస్తూ, ఒకే వేగంలో ఎక్కువసేపు ఉండకుండా, పెద్ద గేరులో ఈడ్వకుండా నడపండి. సాలూరు ఘాటు దాకా వెళితే దిగుడులో థ్రాటిల్ పూర్తిగా మూసి ఇంజను బ్రేకుతో దిగవద్దు, ఎందుకంటే ఆ సమయంలో ఇంజను వేగంగా తిరుగుతూ ఆయిల్ చాలా తక్కువ అందుకుంటుంది. నడుమ నడుమ థ్రాటిల్ కొద్దిగా తెరుస్తూ ఉండాలి.

సేకరణ గురించి. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్‌ఎక్స్ 100తో పని నేర్చుకోవడం అన్నిటికంటే తేలిక. 98 సీసీ, 11 హార్స్‌పవర్, ఒకే సిలిండరు, విడి భాగాలు ప్రతి పట్టణంలో ఉంటాయి. అయితే ధర బాగా పెరిగింది, రెండు బండ్ల నుంచి కలిపి ఒకటి చేసినవి మార్కెట్లో ఎక్కువ. దానికంటే, అందరూ పట్టించుకోని ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100, 1986 నాటి కవాసాకీ బజాజ్ కేబీ 100, 1993 నాటి సుజుకీ షోగన్ వంటివి మన పల్లెల్లో ఇంకా మొదటి యజమానుల దగ్గరే ఉన్నాయి; బొబ్బిలి, టెక్కలి, ఆమదాలవలస వైపు అడిగితే అసలు కాగితాలతో దొరుకుతాయి. అలాంటి బండిని యజమానికి మంచి ధర ఇచ్చి కొనండి. కొడుకులు వద్దన్నా ఆయన ఏళ్ల తరబడి దాచినది అది. 1969 హోండా సీబీ 750, 903 సీసీ కవాసాకీ జెడ్1 వంటి పెద్ద బండ్లు మన దేశంలో అమ్మకానికి కనిపించినప్పుడు కస్టమ్స్ పత్రాలు లేకుండా ఉంటే ఆశపడవద్దు. వాటిని మీ పేరు మీదికి తెచ్చుకోవడం సాధ్యం కాదు.

ఆర్‌డీ, ఆర్‌ఎక్స్ రెండూ ఒకేసారి విప్పవద్దు. మీ బండికి ముందు నంబర్ల అచ్చు తీయండి, డీజిలు పోసి వారం ఆగండి, హెడ్లు విప్పండి. పిస్టన్ల తలల మీద చెక్కిన సైజు అంకెలు, బ్యారెల్‌ను పైన, మధ్య, కింద రెండేసి దిక్కుల్లో తీయించిన బోరు కొలతలు ఇక్కడ రాస్తే, ఆ బ్యారెళ్లకు ఇంకా ఎన్ని ఓవర్‌సైజులు మిగిలాయో, కొత్త లైనరు (సిలిండరు లోపలి గొట్టం) వేయించాలో వద్దో చూసి చెబుతాను.